బిళ్ల మీద దిగినోడు

కోలారు బంగారు గనుల ఊరు కోరమండల్‌లో రాయి పొడిచే పాత మిల్లు ఉండిన జాగాలో బొమ్మల బంగళా కడతా ఉండారు. కాగితాల్లో దాని పేరు కళా మ్యూజియం. గనిని గురించి పట్నమోళ్లు గీసిన పటాలు, చేసిన బొమ్మలు పెట్టే ఇల్లంట, అందుకని గని కూలోళ్ల వరస ఇండ్లయిన లైన్లలో అందరికీ అది బొమ్మల బంగళానే. స్తంభాలు లేచినాయి, కప్పు ఇంగా పడలేదు. ఇనుప కమ్మీలు ఆకాశానికి చేతులు చాచుకోని నిలబడుండాయి. చుట్టూ నీలం రేకులు. జనవరి నెల ఒక సోమవారం పొద్దున ఆ రేకుల మీద పెద్ద కాగితాలు అంటించినారు. గనిలో చచ్చిపోయినోళ్ల పేర్లు. బంగళా లోపల నల్లరాతి గోడ మీద చెక్కేదానికి. తప్పులుంటే పదిహేను దినాల్లోపల చెప్పమని కింద రాసుండాది.

పాల ప్యాకెట్టుకి పోయిన మునివెంకటప్ప ఆ కాగితాల ముందర ఆగినాడు. డెబ్బై రెండేండ్ల మనిషి. కన్నడం కూడబలుక్కోని చదువుతాడు. మూడో కాగితంలో పదకొండో పేరు ఆయనదే. మునివెంకటప్ప, వయసు ఇరవై ఆరు, లోపల బండ పేలి మృతి, 1978.

తన చావుని తానే రెండుసార్లు చదువుకున్నాడు. ఆశ్చర్యమేమీ పడలేదు. తాను చచ్చి నలబై ఆరేండ్లయ్యిందని ఆయనకి తెలుసు. వేలు పెట్టి కిందిదాకా ఇంగో పేరు వెతికినాడు. ఆ వరసలో ఉండాల్సిన పేరు లేదు.

ఆ కథ చెప్తే గానీ ఈ కథ ముందుకి పోదు.

గనిలో దిగే ప్రతి మనిషికీ కంపెనీ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేది. దాని మీద నంబరు. కేజ్ అనే ఇనుప బోనులో దిగేముందు టైం ఆఫీసులో బిళ్ల చూపిస్తే నంబరు రాసుకుంటారు, పైకొచ్చినాక కొట్టేస్తారు. రాసుకునేది నంబరునే గానీ మొగాన్ని కాదు. ముళబాగిలు అవతల ఆంధ్రా ఊర్ల నించి వచ్చిన కుటుంబాలకి ఈ సంగతి బాగా తెలుసు. రాగి కోతలొస్తే ఆ పక్క చేను పిలుస్తుంది, ఈ పక్క గని వదలదు. సెలవు దొరకదు, చెప్పకుండా పోతే పని పోతుంది. అందుకని అన్న ఊరికి పోతే తమ్ముడు, మామ పోతే అల్లుడు ఆ బిళ్ల పట్టుకోని దిగేవాళ్లు. బిళ్ల మీద దిగడం అనేవాళ్లు దాన్ని. తప్పే. తప్పని తెలిసి అందరూ చేసేదే. మేస్త్రీలు చూసీ చూడనట్ల ఉండేవాళ్లు. వాళ్ల ఊర్లోనూ రాగులు పండతాయి కదా.

ఆ ఏడు ఊర్లో నాయనకి నడుము పట్టేసింది. మూడెకరాల రాగి నిలబడుండాది. మునివెంకటప్ప తమ్ముడు ఎల్లప్ప, ఇరవై ఒక్కేండ్లోడు, ఏదన్నా పని దొరుకుతుందేమో అని నెల నించి అన్న ఇంట్లోనే ఉండాడు. “నువ్వు పోయి కోసుకోని రా అన్నా, నాలుగు దినాలు నేను దిగతా” అన్నాడు. మూడో దినం లోపల బండ పేలింది. ముగ్గురు పోయినారు. పైకి తెచ్చినప్పుడు మొగం చూసి పోల్చేదానికి ఏమీ మిగల్లేదు. జేబులో బిళ్ల మాత్రం ఉండాది.

మునివెంకటప్ప రాగుల మూట నెత్తిన పెట్టుకోని బస్సు దిగొచ్చేసరికి ఇంటి ముందర జనం కూర్చోనుండారు. మేస్త్రీ దొడ్డమునియప్ప ఎదురొచ్చి పక్కకి లాగినాడు. “విను అబ్బుడా. నిజం చెప్తే బిళ్ల మార్చినందుకు నీ పని పోతాది. నీ తమ్ముడు కంపెనీ లెక్కలో లేడు, వానికి చావు కూడా రాయరు. నోరు మూసుకుంటే చచ్చినోడి తమ్ముడికి పని ఇస్తారు. నువ్వు చచ్చిపో. ఎల్లప్పవై దిగు.”

అట్ల మునివెంకటప్ప చచ్చిపోయినాడు. పెండ్లాం చెన్నమ్మకి అప్పటికి ఇరవై నిండలేదు. మొగుడు ఇంటెనక రాగులు తూర్పార పడతా ఉంటే, ఆమె బొట్టు చెరుపుకోని, గాజులు పగలగొట్టుకోని, ఆఫీసరు ముందర ముండమోపిగా నిలబడి వేలిముద్ర వేసొచ్చింది. కంపెనీ లెక్క ప్రకారం తర్వాత ఏడాదికి ఆమె మరిదినే మనువాడింది. కూతురు మాల పుడితే బడిలో తండ్రి పేరు ఎల్లప్ప. ఆ పిల్లకి ఇప్పుడు నలబై దాటినాయి, దినామ్మూ రైల్లో బెంగళూరుకి పనికి పోయొస్తుంది. ఆమెకీ అంతవరకే తెలుసు. అమ్మ మొదటి మొగుడు గనిలో పోయినాడు, చిన్నాయన అమ్మని చేసుకున్నాడు, ఆయనే నాయన. నిజం తెలిసిన పాత తలకాయలు ఒకటొకటే రాలిపోయినాయి.

గని మూసేసినాక పింఛను కూడా ఎల్లప్ప పేరుతోనే. ప్రతి నవంబరులో పోయి మిషను మీద వేలు పెట్టి, ఎల్లప్ప బతికుండాడని సాక్ష్యం ఇచ్చి రావల్ల. “ఏడాదికొకసారి మా తమ్ముణ్ని బతికించొస్తా” అని చెన్నమ్మతో మాత్రం అంటాడు. నవ్వతానే అంటాడు. ఆ పూట సంగటి సగమే తింటాడు.

*

మూడు దినాలు రేకుల చుట్టూ తిరిగి, నాలుగో దినం బంగళా ఆఫీసులో దూరినాడు. ఆఫీసంటే లారీ మీద తెచ్చి దించిన ఇనుప డబ్బా. పోయేదారిలో అలవాటు కొద్దీ ఒక స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి చెవి పెట్టినాడు. గని లోపల పనిచేసినోళ్లకి ఆ అలవాటు పోదు. కప్పు తట్టి, బోలుగా పలికితే వెనక్కి, గట్టిగా పలికితే ముందుకి.

“గట్టిగా ఉండాదా తాతా?” అని లోపల నించి అడిగింది ఉమాదేవి. కోలారు మనిషి, పేర్లు పోగుచేసే పని ఆమెది. లైన్లన్నీ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకునింది.

“ఉండాది. అమ్మా, మూడో కాగితంలో పదకొండో పేరు తప్పు.”

“మునివెంకటప్ప. ఏం తప్పు?”

“ఆయన చావలేదు. చచ్చింది ఎల్లప్ప.”

ఆమె రాసుకునింది. “మీ పేరు?”

ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టినాడు. దాంట్లో పేరు ఎల్లప్ప. ఉమాదేవి కార్డు చూసింది, మొగం చూసింది, మళ్లా కార్డు చూసింది.

“ఏంది తాతా, మిమ్మల్నే గోడకెక్కించమంటారా?”

వాకిట్లో ఇసక జల్లిస్తా ఉండిన ఆడోళ్లు పక్కుమన్నారు. మునివెంకటప్ప కూడా నవ్వినాడు. ఏడ్చేదానికి వీల్లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు?

ఉమాదేవి నవ్వలేదు. టీ తెప్పించింది. “చూడండప్పా, నా చేతిలో ఉండేది పాత రిజిస్టరు. దాంట్లో ఉండే పేరు నేనై నేను మార్చేకి లేదు. చచ్చినాయన ఇంటోళ్లు చెప్పల్ల. పేరు ఎట్ల రాయమంటే అట్ల రాస్తాం, అది వాళ్ల హక్కు. ఈయన పెండ్లాం చెన్నమ్మ అని ఉండాది. ఆమె ఆదివారం మీటింగుకొచ్చి ఒక మాట చెప్పనీ.”

చెన్నమ్మ! మునివెంకటప్ప టీ సగం తాగి లేచినాడు.

*

ఇంటికి పోతే చెన్నమ్మ గడప దగ్గర నానబెట్టిన అనపగింజలు పితకతా ఉండాది. బొటనవేలితో ఒత్తితే తోలు ఒక పక్క, పప్పు ఒక పక్క. ఎదురుగా స్టూలు మీద శివరాజ్ కూర్చోనుండాడు. దొడ్డమునియప్ప కొడుకు. జెరాక్సు అంగడి ఉండాది, గొంతు ఉండాది, లైన్లలో ఏ కొట్లాటకైనా ముందుంటాడు. ఇప్పుడు బొమ్మల బంగళా వద్దని కొట్లాడతా ఉండాడు. దాంట్లో అబద్ధమేమీ లేదు. అయిదు దినాలకొకసారి నీళ్ల లారీ, ఇండ్లకి పట్టాల్లేవు, పై రేకులు వానకి కారతాయి.

“రా చిన్నాయనా, నీకోసమే” అన్నాడు. “మూడో కాగితం చూసినా. మా నాయన పోయేముందు నాకంతా చెప్పిపోయినాడులే. ఆదివారం నువ్వు లేచి ఒకే మాట చెప్పు. ‘నేను మునివెంకటప్పని, బతికుండా’ అను. సాకు, అదొక్కటి చాలు! వాళ్ల లిస్టు బోగస్ అని తేలిపోతాది. గోడ పడిపోతాది, గోడ పడితే బంగళా పడతాది.”

“నాకు గోడ కావల్లప్పా” అన్నాడు మునివెంకటప్ప.

“ఎందుకు? నీ పేరు చూసుకునేకా?”

“నా పేరు తీసి వాని పేరు పెట్టించేకి.”

శివరాజ్ తల పట్టుకున్నాడు. “చిన్నాయనా, ఎల్లప్ప చచ్చినట్ల రాతి మీద చెక్కితే నవంబరులో నీ వేలు ఎవురి వేలు? పింఛను పోతాది, పైన కేసు. అదే నాతో కలిసొస్తే లైన్లంతా నీ వెనక ఉంటుంది. ఏం చిన్నమ్మా, చెప్పు.”

చెన్నమ్మ తలెత్తలేదు. “శివరాజా, నీ కొట్లాట నీళ్లకి. దానికి మా ముసిలోణ్ని ఖాళీ కుండ మాదిరి ఎత్తి చూపించొద్దు. పో నాయనా, పప్పు మాడిపోతాది.”

పప్పు ఇంగా పొయ్యి మీదికే పోలేదు. శివరాజ్‌కీ అది కనిపిస్తానే ఉండాది. లేచి పోయినాడు.

మునివెంకటప్ప ఉమాదేవి చెప్పిందంతా చెప్పినాడు. చెన్నమ్మ చేతులు ఆగినాయి.

“మళ్లీ నేనేనా?” అనింది. “ఆ దినం నన్నెవురూ అడగలేదు. మేస్త్రీ చెప్పె, నువ్వు తలూపితివి. నేను పోయి నా నోటితో నా మొగుడు చచ్చినాడంటి. నీకు తెలుసునా, దాని తర్వాత నువ్వు షిఫ్టుకి దిగిన ప్రతి దినమూ నేనేమనుకుంటినో? నా నోటి మాట నిజమై పోతాదేమో అని. గని మూసేదాకా, ఇరవై మూడేండ్లు. నువ్వు కేజ్ ఎక్కి పైకొచ్చేదాకా నీళ్లు గొంతు దిగవు నాకు. అంతా అయిపోయి గమ్మున ఉంటే, ఇప్పుడు మైకులో చెప్పల్లనా, మన కూతురు ముందర?”

మునివెంకటప్ప గడప మీద ఆమె పక్కన కూర్చున్నాడు. “బిళ్ల నేనిచ్చినదే కదా చెన్నీ. నా జాగాలో వాడు పోయినాడు. వాని పేరు పెట్టుకోని వాని బతుకు నేను బతికినా. ఇప్పుడు ఆ గోడ మీద కూడా వాని జాగాలో నేనే పడుకుంటే, వాడనేవాడు పుట్టినట్ల యాడన్నా ఒక గుర్తుండాదా? పోతే పోనీ పింఛను. ఆదివారం నేను చెప్తా.”

“పో. నేను రాను.”

మళ్లా పితికేదానికి వంగింది. గింజలు గిన్నె బయట పడతా ఉండాయి.

*

ఆదివారం పది గంటలకి ఊరిగాం బడి హాలు నిండిపోయింది. ముందర బల్ల మీద గాజుపెట్టెలో బంగళా నమూనా. తెల్ల అట్టతో గోడలు, అగ్గిపుల్లంత మనుషులు. పెద్దోళ్లు మూగి చూస్తా ఉండారు.

“దీంట్లో మన లైన్లు యాడ?” అని అడిగింది ఒక అవ్వ.

“ఇదో, ఈ పచ్చ అట్ట ఉండే తావు. కార్లు నిలబెట్టే చోటు.”

“అయ్యో, నా పొయ్యి మీద ఎవురి కారు నిలబెడతారంట?”

నవ్వులతో మొదలైంది, కేకలతో వేడెక్కింది. శివరాజ్ మైకు పట్టుకున్నాడు. “మా కొళాయిలో నీళ్లు రావు, వీళ్ల బొమ్మలకి ఏసీ! ఇంగోటి వినండి. ఏడొందల గని టోపీలు తాడు కట్టి కప్పుకి వేలాడదీస్తారంట, అది కళంట. ఆ టోపీల్లో మా నాయన తలకాయ ఉండినాది! తలకాయలు తోరణం కట్టేదానికి ఇదేమన్నా మారెమ్మ జాతరా?”

చప్పట్లు. వెనక నించి టీ అంగడి వెంకటలక్ష్మమ్మ లేచింది. “శివరాజా, నీ మాట నిజమే. అయినా కట్టనీయప్పా. నా కొడుకులిద్దరూ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతారు, చీకటి పడినాక వస్తారు. ఈడ బంగళా చూసేవాళ్ల బస్సులాగితే నాలుగు బోండాలు నా దగ్గర తింటారు. నీ కొట్లాట గెలిస్తే నాకేమొస్తాది? బంగారం తీసి పారేసిన సైనైడ్ దిబ్బ దుమ్ము ముందరా వచ్చె, రేపూ వస్తాది.”

దానికీ చప్పట్లే. కొట్టినోళ్లు కూడా చానామంది వాళ్లే. రెండు మాటలూ నిజమైతే జనం మాత్రం ఏం చేస్తారు?

“సరే, ఇంగ పేర్ల సంగతి చూస్తాం” అని ఉమాదేవి కాగితాలు తెరిచింది. “గోడకి అభ్యంతరాలు ఉండేవాళ్లు...”

శివరాజ్ మైకు వదల్లేదు. “ఆ లిస్టు తప్పుల తడక. కంపెనీ రాసుకున్న కతలు అవి. నమ్మరా? చచ్చినోడొకడు ఈ హాల్లోనే కూర్చోనుండాడు. పిలిస్తే పలుకుతాడు. పిలవమంటారా?”

హాలు గుప్పుమనింది. సెల్‌ఫోన్లు పైకి లేచినాయి. మునివెంకటప్ప లేచి నిలబడినాడు. మూడో వరసలో, ఆదివారం కాబట్టి వచ్చిన మాల వెనక్కి తిరిగి చూసింది. నాయన! నాయన ఎందుకు లేచినాడు?

“పేరు తప్పు” అన్నాడు మునివెంకటప్ప. “మూడో కాగితం. పదకొండు. ఆడ ఉండేది...” నలబై ఆరేండ్లు మింగిన మాట, అంత తేలికగా వస్తాదా?

“అది నేను చెప్పల్ల” అని తలుపు దగ్గర నించి వినిపించింది.

చెన్నమ్మ. రానన్న మనిషి. నుదుటన రూపాయంత కుంకుమ, రెండు చేతుల నిండా గాజులు. నడవా మధ్యలో గాజుల చప్పుడుతో నడుచుకోని వచ్చి, మొగుణ్ని భుజం పట్టి కూర్చోబెట్టింది. ఉమాదేవి ముందర నిలబడింది.

“నేను చెన్నమ్మని. నీ రిజిస్టర్లో ఆ పేరు పక్కన నా వేలిముద్ర ఉండాది. చూసుకో.”

“ఉండాదమ్మా.”

“ఇంటోళ్లు ఎట్ల రాయమంటే అట్ల రాస్తామన్నావంట. ఆ మనిషిని మా ఇంట్లో కాగితం పేరుతో ఎవురూ పిలవలేదు. రాగిచేనులో అనప సాళ్ల మధ్య మా అత్తకి నొప్పులొచ్చి ఆడనే కనింది. అందుకని అనపయ్య అని పిలిచేది. ఊరంతా అనపయ్యే. మా పెద్దల పండక్కి ఇప్పటికీ ఆ పేరుతోనే ఆకు వేస్తా. ఆ పేరు చెక్కు.”

శివరాజ్ మైకులో అందుకున్నాడు. “చిన్నమ్మా, అట్ల దాటేస్తే ఎట్ల? ఆ దినం కేజ్‌లో దిగింది ఎవురో నిజం చెప్పు!”

చెన్నమ్మ వానివైపు తిరిగింది. “దిగింది అనపయ్యే. ఆ పొద్దున నా చేతి పితికిపప్పుతో సంగటి తిని దిగినాడు. షిఫ్టుకి టైమైపోయె, గంట కొట్టె, అయినా ఆకు ముందర నించి లేయలేదు. ‘ఇంగొంచెం వెయ్యి వదినా’ అన్నాడు. నేను వేయలేదు. సాయంత్రం తిందువు పోరా అంటి.”

అనేసినాక ఆమెకి తెలిసింది ఏమన్నదో.

వదినా. మొగుడు పెండ్లాన్ని వదినా అని పిలవడు.

వెనక వరసల్లో పాత గనోళ్లు, వాళ్ల ఆడోళ్లు, ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు. అందరూ నేలని చూస్తా ఉండారు. బిళ్ల మీద దిగినోళ్లు వాళ్ల ఇండ్లల్లో లేరా? ఎవురి అన్న, ఎవురి అల్లుడు, ఎవురి నాయన ఎవురి నంబరు మీద దిగినాడో అందరికీ తెలుసు. సెల్‌ఫోన్లు ఒకటొకటే కిందికి దిగినాయి. ఉమాదేవి పెన్ను కాగితం మీద ఆగి, చుక్క పెట్టి, ఇంకు ఊరతా ఉండాది. ఆమె మునివెంకటప్పని చూసింది. తనకి చూపిన ఆధార్ కార్డు గుర్తుకొచ్చినట్ల ఉండాది, కండ్లు దించుకునింది.

శివరాజ్ నోరు తెరిచినాడు. గెలుపు నాలిక మీద ఉండాది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు. చెన్నమ్మ వాణ్నే చూస్తా ఉండాది. కోపంగా కాదు. ‘నువ్వు చిన్న బిడ్డగా ఉన్నప్పుడు మీ నాయన మా గడపలో నిలబడి చెప్పిన మాటే కదా ఇది’ అన్నట్ల.

శివరాజ్ మైకు ఒక చేతి నించి ఇంగో చేతికి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“అనపయ్య” అన్నాడు. “మా నాయన చెప్పేవాడు ఆ పేరు. సరిగ్గా రాయండి మేడం, అక్షరం తప్పు పోకుండా. రాసినాక నీళ్ల లారీ సంగతి తేల్చండి, నేను యాడికీ పోను.”

హాలు ఊపిరి వదిలింది. ఎవరో నవ్వినారు. ఉమాదేవి మునివెంకటప్ప అనే పేరు మీద గీత కొట్టి, పక్కన అనపయ్య అని రాసింది. వదినా అన్న మాట యాడా రాయలేదు.

ఒక ముసలాయన కట్టె ఊనుకోని బల్ల దగ్గరికొచ్చినాడు. “ఇంట్లో పిలిచే పేరైతే సరిపోతాదామ్మా? అట్లయితే మా బావది కూడా మార్చల్ల.” ఆయన వెనక ఒక అవ్వ. అవ్వ వెనక ఇంగో ఇద్దరు. ఉమాదేవి కొత్త కాగితం తీసింది. ఎవర్నీ ఎందుకని అడగలేదు.

*

ముగ్గురూ ఇంటికి నడిచినారు. చెన్నమ్మ ముందర, తన మీద తానే చర్రుబుర్రుమంటా. చెప్పిందానికి కాదు, ఆ దినం ఇంగొంచెం పప్పు వేయనందుకు. మాల నాయన పక్కన నడుస్తా ఉండాది. చిన్నప్పుడు బడిలో పిల్లలు ‘మీ అమ్మకి ఇద్దరు మొగుళ్లు’ అని ఏడిపిస్తే ఏడ్చుకుంటా వచ్చేది. అమ్మ తల నిమిరి సంగటి ముద్ద చేతిలో పెట్టేది.

చర్చి మలుపు దగ్గర మాల ఆగింది. “నాయనా, ఆయన అమ్మని వదినా అన్నాడంట.”

“ఊ.”

“అట్లయితే నీ పేరేంది?”

టైం ఆఫీసు మూతపడి ఇరవై ఏండ్లు దాటినాయి. అయినా మునివెంకటప్ప అటూ ఇటూ చూసినాడు. కూతురి చెవి దగ్గరికి వంగి చెప్పినాడు.

మాల కొంగుతో మొగం తుడుచుకునింది. “ఇంత పెద్ద పేరు యాడ దాచిపెట్టుకోనుంటివి నాయనా?” అనింది. నవ్విందో ఏడ్చిందో ఆయనకి తెలీలేదు. ముందర పోతా ఉండిన చెన్నమ్మ వెనక్కి తిరగకుండానే, “అడుగులేయండి, పొయ్యి మీద పాలుండాయి” అనింది. ఈసారి పొయ్యి మీద పాలు నిజంగానే ఉండాయి.

*

నవంబరొచ్చింది. బంగళాకి కప్పు పడింది. టోపీల తోరణం మానుకున్నారు, వాటిని వరసగా గోడకి తగిలిస్తారంట. నీళ్ల లారీ మూడు దినాలకొకసారి వస్తా ఉండాది. శివరాజ్ ఇంగా కొట్లాడతానే ఉండాడు, దినామ్మూ రావల్లని.

పింఛను ఆఫీసుకి మునివెంకటప్పతో మాల కూడా పోయింది. ఒకపూట సెలవు పెట్టి. రాయి పట్టి పట్టి ఆయన వేలి గీతలు అరిగిపోయినాయి, మిషను ఒకసారికి పట్టదు. రెండుసార్లు ఎర్రలైటు వచ్చింది. మాల కొంగుతో ఆ బొటనవేలు తుడిచి, మళ్లా పెట్టించింది. మూడోసారి పచ్చలైటు.

“ఎల్లప్ప. బతికుండారు కదా తాతా?” అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

“ఉండాడు” అన్నాడు మునివెంకటప్ప.

గుమాస్తా గమనించలేదు. మాల గమనించి, నాయన చెయ్యి పట్టుకునింది.

వచ్చే దారిలో బంగళా కాడ ఆగినారు. కాపలాదారుడు తెలిసినోడే, లోపలికి విడిచినాడు. నల్లరాతి గోడ మీద ఇంగా దుమ్ము పోలేదు. మూడో పలకలో పదకొండో పేరు మునివెంకటప్ప నడుమెత్తున ఉండాది. ఆయన వంగి, దుమ్ము ఊది, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. అ. న. ప. అమ్మ చేను మధ్య నిలబడి కేకేసినట్లనే ఉండాది.

జేబులో నించి నాలుగు అనపకాయలు తీసి గోడ కింద పెట్టినాడు. తర్వాత అలవాటు కొద్దీ, వేలి కణుపుతో రాతిని తట్టి చెవి ఆనించినాడు. బోలు లేదు. గట్టిగా పలికింది.

“ఇంగో ఏడాదికి బతికినావు పోరా” అన్నాడు తమ్ముడితో.